ఎవరి ఆపరేషను ముందు?

“డాక్టరుగారూ! మీ పుస్తకంలో నాది పద్నాలుగో నంబరు. నా తరవాత రాయించుకున్న ఇరవయ్యో నంబరాయనకి మొన్న ఆపరేషను చేశారట. నన్ను మాత్రం ‘తరవాత రా’ అంటున్నారు. ఇదేం న్యాయమండీ?”

2020 ఏప్రిల్‌లో ఒకాయన ఫోనులో నన్ను నిలదీసి అడిగిన ప్రశ్న ఇది. ఆయనది సూర్యాపేట. బాధ మొలలు. కూర్చోలేడు, నిలబడలేడు, రాత్రిళ్ళు నిద్ర లేదు. ఆయన కోపంలో అబద్ధమేమీ లేదు. ఆయనది పద్నాలుగో నంబరే. ఇరవయ్యో నంబరాయనకి ముందు ఆపరేషను చేసిన మాటా నిజమే. ఆ ఇరవయ్యో ఆయనకి షుగరు. కాలి బొటనవేలి పుండు కుళ్ళి, పాదం మీదికి పాకుతోంది. వేలితో పోయేది నాలుగు రోజులు ఆగితే మోకాలిదాకా తీయవలసి వస్తుంది. కానీ ఒక రోగి సంగతి ఇంకో రోగికి చెప్పడం మా వృత్తిలో తప్పు. అందుకని “కొంచెం ఓపిక పట్టండి” అని మాత్రం అన్నాను. ఆయన ఠక్కున ఫోను పెట్టేశాడు.

ఆనాడు ఆయనకి చెప్పలేకపోయిన జవాబు ఇవాళ మీకందరికీ చెబుతాను. ఇందులో వచ్చే మనుషుల ఆనవాళ్ళు ఎవరూ పోల్చుకోకుండా మార్చాను. వాళ్ళ జబ్బులు మార్చలేదు. నేను చేసిన తప్పు కూడా మార్చలేదు.

నేను సర్కారు డాక్టరుని. వయస్సు యాభై దాటింది. నా సర్వీసులో ఎక్కువ భాగం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కలే గడిచింది. కరోనా నాడు వీటిలో ఏ ఊళ్ళో ఉన్నానన్నది మీకు అనవసరం. మూడు ఊళ్ళ మనుషులూ మా దగ్గరికి వచ్చేవాళ్ళు.

ఆపరేషన్లు ఎందుకు ఆగాయి?

మా థియేటర్ బల్ల సొరుగులో ఒక పొడుగాటి పుస్తకం ఉండేది. ఆపరేషను చేయించుకోవలసిన వాళ్ళ పేర్లు వరసగా అందులో రాసుకునేవాళ్ళం. ముందు రాయించుకున్న వాళ్ళకి ముందు, తరవాత రాయించుకున్న వాళ్ళకి తరవాత. రేషను షాపు దగ్గర వరస ఎలాగో ఇదీ అలాగే. మామూలు రోజుల్లో ఆ పద్ధతిలో పెద్ద తప్పు లేదు. ఎందుకంటే అటూ ఇటుగా నెల రోజుల్లో అందరి వంతూ వచ్చేది.

2020 మార్చి 20న కేంద్ర ఆరోగ్యశాఖ ఆస్పత్రులకి ఒక సూచన పంపింది. అంత అవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేయండి అని. 22న జనతా కర్ఫ్యూ. ఆ వెంటనే లాక్‌డౌన్. ఏప్రిల్ వచ్చేసరికి సూర్యాపేట కూరగాయల మార్కెట్ ప్రాంతం నుంచి కరోనా పాకి, జిల్లాలో ఎనభైకి పైగా కేసులు తేలాయి. వీధులకి అడ్డంగా కర్రలు కట్టారు. ఆ రోజుల్లో కరోనా ఉందని తేలినవాళ్ళని హైదరాబాదు గాంధీ ఆస్పత్రికి తీసుకుపోయేవాళ్ళు. అందుకని జనానికి జబ్బు అంటే ఎంత భయమో, ఆస్పత్రి అంటే అంతకు రెండింతల భయం.

ఆ నాడు మా పుస్తకంలో నలభై ఒక్క పేర్లున్నాయి.

“డాక్టర్లు భయపడి ఆపరేషన్లు మానేశారు” అని చాలామంది అనుకున్నారు. భయం లేదని నేను బుకాయించను. అయితే కారణాలు వేరే ఉన్నాయి. రోగిని పూర్తిగా నిద్రపుచ్చి చేసే ఆపరేషనులో గొంతులోంచి గొట్టం వేస్తారు. ఆ పని చేసే మత్తు డాక్టరు ముఖానికి రోగి ఊపిరి జానెడు దూరంలో ఉంటుంది. కరోనా రోగులకి వెంటిలేటరు పెట్టవలసిందీ ఆ మత్తు డాక్టరే. ఆయన ఒక్కడు, పనులు రెండు. పైగా రక్తదాన శిబిరాలు ఆగిపోయాయి. రక్తం సీసా దొరకడం గగనమైంది.

ఇవన్నీ ఆస్పత్రి కష్టాలు. అసలు కారణం రోగి కష్టం. ఒంట్లో కరోనా ఉన్నవాళ్ళకి ఆపరేషను చేస్తే ఏమవుతుందో 24 దేశాల డాక్టర్లు లెక్క కట్టి, 2020 మే నెలలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. 1128 మంది రోగులు. వాళ్ళలో నూటికి దాదాపు 24 మంది నెలరోజుల్లో చనిపోయారు. సగం మందికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. వీటిలో ఎక్కువ భాగం అత్యవసర ఆపరేషన్లే అన్నమాట నిజమే. అయినా ఇది చాలా పెద్ద సంఖ్య. కత్తి పడిన ఒంటికి జబ్బుతో పోరాడే బలం కొన్నాళ్ళు తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయానికి వైరస్ ఊపిరితిత్తుల్లో కూర్చుంటే మనిషి తట్టుకోలేడు. చిన్న ఆపరేషనుకని నడిచి వచ్చిన మనిషిని ఇలా పోగొట్టుకోవడం ఏం వైద్యం?

కాబట్టి వాయిదా వేయడం చాలామంది విషయంలో వాళ్ళ మేలు కోరి చేసిన పనే. ప్రపంచమంతటా ఇదే జరిగింది. మొదటి 12 వారాల ఉధృతిలో 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు రద్దవడమో వాయిదా పడడమో జరుగుతుందని ఆనాడు ఒక అంచనా వేశారు. మా నలభై ఒక్క పేర్లు ఆ సముద్రంలో ఒక చెంబెడు నీళ్ళు.

నాలుగు గళ్ళు

సరే, వాయిదా వేశాం. ఎవరిని? ఎంతకాలం? ఇక్కడ మొదలయింది చిక్కు.

ఒకరోజు మధ్యాహ్నం నేనూ, మత్తు డాక్టరూ, గైనకాలజిస్టు మేడమూ, థియేటర్ సిస్టరూ దూరం దూరంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఒక తెల్లకాగితం మీద నాలుగు గళ్ళు గీశాం. ఇది మేం కనిపెట్టిన పద్ధతేమీ కాదు. ఇంగ్లండులో ఆ ఏప్రిల్‌లోనే ఇలాంటి విభజన చేసి ఆస్పత్రులకి పంపారు.

మొదటి గడి: ఇవాళో, మహా అయితే మూడు రోజుల్లోనో చేయవలసినవి. అడ్డం తిరిగిన కాన్పు, పగిలే దశకి వచ్చిన ఇరవై నాలుగు గంటల నొప్పి, అంటే అపెండిసైటిస్, మెలిపడిన పేగు, హైవే ప్రమాదంలో లోపల రక్తం కారుతున్న మనిషి, కుళ్ళు పాకుతున్న షుగరు కాలు. వీళ్ళకి కరోనా ఉందా లేదా అన్న టెస్టు రిపోర్టు కోసం కూడా ఆగకూడదు. ఉందనే అనుకుని, నిలువెల్లా కిట్లు తొడుక్కుని చేయాలి.

రెండో గడి: నాలుగు వారాల్లోపు చేయవలసినవి. కాన్సర్లు ఎక్కువగా ఇందులోకి వస్తాయి. డయాలిసిస్ కోసం చేతి రక్తనాళాలు కలిపే ఆపరేషను కూడా ఎక్కువ కాలం ఆపకూడదు.

మూడో గడి: మూడు నెలలదాకా ఆగగలిగినవి. నాలుగో గడి: మూడు నెలలు దాటినా ప్రాణానికీ అవయవానికీ ముప్పు లేనివి. నొప్పిలేని వరిబీజం, పడుకుంటే లోపలికి పోయే హెర్నియా, మొలలు, ఒక కన్ను బాగానే కనబడుతున్నవాళ్ళకి రెండో కంటి శుక్లం, ఇలాంటివి.

మధ్యాహ్నం మూడు గంటలకి మొదలుపెట్టి చీకటి పడేవేళకి నలభై ఒక్క పేర్లూ గళ్ళలో సర్దేశాం. ఆరుగురు మొదటి రెండు గళ్ళలోకీ, తొమ్మిదిమంది మూడో గడిలోకీ, ఇరవై ఆరుగురు నాలుగో గడిలోకీ వెళ్ళారు. ఆ రోజు ఇంటికి వెళ్తూ, చాలా న్యాయంగా పనిచేశామని నాకు ఒకవిధమైన తృప్తి కలిగింది. ఆ నాలుగో గడిలో మిర్యాలగూడ రైసుమిల్లు హమాలీ ఒకడున్నాడు. అతని సంగతి కొంచెంసేపట్లో చెబుతాను.

నొప్పి కొలబద్ద కాదు

ముందుగా మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. ఎక్కువ నొప్పి ఉన్నవాళ్ళకి ముందు ఆపరేషను చేయాలని మనందరికీ అనిపిస్తుంది. అది సహజం. కానీ నొప్పి ఎంత ఉందో, ప్రమాదం అంతే ఉంటుందని అనుకోకూడదు.

మొలలాయన నొప్పి సామాన్యమైనది కాదు. అయినా గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో రోజుకి మూడుసార్లు కూర్చోవడం, పీచు ఉన్న ఆకుకూరలు, మంచినీళ్ళు, పూతమందు, విరేచనం సాఫీగా అయ్యే మందు, వీటితో ఆయన కొన్ని నెలలు నెట్టుకురాగలడు. నెట్టుకొచ్చాడు కూడా. ఆయన ప్రాణానికి ముప్పు లేదు.

అదే సమయంలో కోదాడ నుంచి ఒకావిడ వచ్చింది. ఇంట్లో మిషను కుట్టుకుంటూ పిల్లల్ని చదివిస్తోంది. ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ. “నొప్పి ఉందామ్మా?” అని అడిగాను. “అస్సలు లేదు సార్. పనులన్నీ చేసుకుంటున్నా. నాకు తొందరేం లేదు. పాపం, నొప్పులున్న వాళ్ళకి ముందు చేయండి. ఈ కరోనా గోల తగ్గాక వస్తాను” అంది.

ఎంత మంచి మనస్సో చూడండి! కానీ ఆ మంచితనం ఆమెకే ప్రమాదం. నొప్పి లేని గడ్డే ఎక్కువ అనుమానించవలసిన గడ్డ. సూది పరీక్షలో కాన్సరని తేలింది. కాన్సరు ఆపరేషను నాలుగు వారాలు ఆలస్యమైన ప్రతిసారీ చావు ప్రమాదం 6 నుంచి 8 శాతం పెరుగుతుందని 2020 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పెద్ద పరిశీలన చెప్పింది. ఆ లెక్క మా చేతికి రాకముందే, కాన్సరు ఆగదన్న సంగతి ప్రతి డాక్టరుకీ తెలుసు. ఆమెకి హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆస్పత్రికి ఉత్తరం రాసిచ్చి, పోలీసువారి అనుమతి కాగితం ఇప్పించి పంపాం. ఆపరేషను అయింది. ఇప్పటికీ పండక్కి ఫోను చేస్తుంది.

మొలలాయన గట్టిగా అరిచాడు. కోదాడ ఆవిడ అసలు నోరే మెదపలేదు. వరసని అరుపు తేల్చితే ఆమె ఇవాళ ఉండేది కాదేమో!

మా అక్క ఫోను

నొప్పి తరవాత, వరసని తారుమారు చేయగలిగేది సిఫారసు. నా మీద చాలా సిఫారసులు వచ్చాయి. అన్నిటికంటే గట్టిది మా ఇంట్లోంచే వచ్చింది.

“తమ్మీ, మీ బావకి పిత్తంలో రాళ్ళున్నయని నీకు తెల్వదా? సొంత బావకే చేయకపోతివి, ఇగ నీ డాక్టరు చదువు ఎందుకురా?” అంది మా అక్క.

మా బావకి జనవరిలో ఒక్కసారి నొప్పి వచ్చింది. మళ్ళీ రాలేదు. జ్వరం లేదు, కామెర్లు లేవు. నూనె తగ్గించుకుని తింటే ఆగవచ్చు. “అక్కా, బావకి ఇప్పుడు చేస్తే మేలు కంటే కీడు ఎక్కువ” అన్నాను. నమ్మలేదు. ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. 2021 సంక్రాంతి వెళ్ళాక, కేసులు తగ్గిన రోజుల్లో బావకి ఆపరేషను అయింది. ఇంటికి పిలిచి అన్నం పెట్టింది. కూరలో నూనె మాత్రం పెట్టలేదు!

గాయపడిన సైనికుల్లో హోదా చూడకుండా, గాయం తీవ్రత చూసి ముందెవరికి వైద్యం చేయాలో నిర్ణయించే పద్ధతిని నెపోలియన్ సైన్యంలో డొమినిక్ లారే అనే సర్జన్ అమలుపరిచాడు. రెండువందల ఏళ్ళు దాటింది. సేనాధిపతి వేలికి గీరుకుంటే ఆగాలి. బంటు కాలు తెగితే ముందు అతన్ని చూడాలి. చెప్పుకోవడానికి తేలికే. ఫోనులో అక్క ఏడుస్తుంటే అది పాటించడం కష్టం.

నా తప్పు

నొప్పికి లొంగలేదు. సిఫారసుకి లొంగలేదు. ఇక తప్పు ఎక్కడ జరిగిందంటారా?

మిర్యాలగూడ హమాలీకి కుడి గజ్జలో హెర్నియా. నిలబడితే నిమ్మకాయంత ఉబ్బు, పడుకుంటే లోపలికి పోతుంది. నొప్పి లేదు. పుస్తకం ప్రకారం నిస్సందేహంగా నాలుగో గడి. మార్చి ఆఖరులో అతనికి చెప్పాను: “ఇప్పుడు తొందర లేదు. లాక్‌డౌన్ అయిపోయాక రా. బరువులు ఎత్తకు.”

“అట్లనే సారూ” అని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

బరువులు ఎత్తకు! హమాలీతో అనవలసిన మాటేనా ఇది? ఊరంతా మూతపడినా వరి కోతలు ఆగలేదు. ధాన్యం కొనుగోళ్ళు ఆగలేదు. ఆ వేసవి యాసంగి పంట వచ్చి పడింది. మిర్యాలగూడ మిల్లుల ముందు ధాన్యం లారీలు బారులు తీరాయి. వేరే పనులన్నీ పోయిన ఆ నెలల్లో అతని ఇంటికి అన్నం పెట్టింది ఆ బస్తాలే. ఒక్కో బస్తా నలభై కిలోలు. రోజుకి ఎన్ని వందలసార్లు నడుము వంచాడో!

మే నెలలో ఒక రాత్రి, 108 బండిలో తీసుకొచ్చారు. అప్పటికి రెండు రోజులైంది. ఉబ్బు గట్టిపడి లోపలికి పోలేదు. వాంతులు మొదలయ్యాయి. పొట్ట ఉబ్బింది. ఒళ్ళు వెచ్చబడింది. జ్వరం ఉందంటే గాంధీకి తీసుకుపోతారని ఇంట్లోవాళ్ళు భయపడి, నొప్పి మాత్రలు వేసి పడుకోబెట్టారు.

“రెండు రోజులు ఎందుకు ఆగారమ్మా?” అని అతని భార్య మీద కోప్పడ్డాను.

ఆమె తల వంచుకుని, “మీరే గద సారూ, లాక్‌డౌన్ అయినంక రమ్మన్నరు. ఇంకా అయిపోలేదు గద” అంది.

నా దగ్గర జవాబు లేదు. అర్ధరాత్రి దాటాక పొట్ట తెరిచాం. హెర్నియాలో ఇరుక్కున్న పేగు నల్లబడి చచ్చిపోయింది. మూరెడు పేగు తీసేసి మిగిలింది కలిపాం. మనిషి బతికాడు. పద్దెనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. అరగంటలో, నడుముకి ఇచ్చే సూదితో అయిపోవలసిన ఆపరేషను అతని పొట్టని నిలువునా కోయించింది. మళ్ళీ బస్తా ఎత్తలేకపోయాడు. ఇప్పుడు మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. జీతం సగం.

హెర్నియాని నాలుగో గడిలో వేయడం తప్పు కాదు. ఇంకే డాక్టరైనా అదే గడిలో వేసేవాడు. నేను జబ్బుని గడిలో వేశాను గానీ, మనిషిని వేయలేదు. “ఈ మూడు నెలలూ నువ్వేం పని చేస్తావు?” అని అడగలేదు. అడిగి ఉంటే కనీసం మూడో గడిలోకైనా మార్చి, ఆ ఏప్రిల్‌లోనే ఒక ఉదయం పూట చేసి పంపేవాణ్ణి. రెండో తప్పు ఇంకా పెద్దది. ఎప్పుడు రావాలో చెప్పాను. ఏం జరిగితే ఆ తేదీని లెక్కచేయకుండా పరుగెత్తి రావాలో చెప్పలేదు. తలుపు మూసి, తాళంచెవి ఎక్కడుందో చెప్పకుండా వెళ్ళిపోయినట్టయింది.

ఫోను పుస్తకం

ఆ మర్నాడే సిస్టరు చేత ఇంకో పుస్తకం తెరిపించాను. మూడు, నాలుగు గళ్ళలో ఉన్న ప్రతి మనిషికీ పదిహేను రోజులకి ఒకసారి ఫోను చేయాలి. మూడే ప్రశ్నలు. మొదటిసారి చూసినప్పటికీ ఇప్పటికీ ఏమైనా మార్పు ఉందా? రోజూ చేసే పని చేసుకోగలుగుతున్నారా? జ్వరం, వాంతులు, రక్తం పోవడం ఏమైనా ఉందా? జవాబు వినగానే అవసరమైతే గడి మార్చాలి.

మొదటి దఫాలోనే ఫలితం కనబడింది. గర్భసంచిలో గడ్డలున్న ఒకావిడ నాలుగో గడిలో ఉంది. “మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, గుండె దడగా ఉంది” అని చెప్పింది. పిలిపించి పరీక్ష చేస్తే మార్చిలో 9 ఉన్న హిమోగ్లోబిన్ అయిదున్నరకి దిగిపోయింది. నెలనెలా ఎక్కువ రక్తం పోతున్నా, “డాక్టరుగారు ఆగమన్నారు కదా” అని ఊరుకుంది. ఎక్కడెక్కడో వెతికి మూడు సీసాల రక్తం తెప్పించి, గైనకాలజిస్టు మేడం ఆపరేషను చేసింది. నాలుగో గడి నుంచి మొదటి గడికి ఒక్క ఫోనుతో వచ్చింది ఆవిడ.

2021లో రెండో ఉధృతి వచ్చినప్పుడు పరిస్థితి ఇంకా విషమించింది. ఆక్సిజను సిలిండరు కోసం మనుషులు ఏడ్చిన రోజులవి. మే 12 నుంచి తెలంగాణలో మళ్ళీ లాక్‌డౌన్. మొదట్లో ఉదయం 6 నుంచి 10 దాకానే సడలింపు. అంతకుముందు మేం ఎరగని జబ్బు ఒకటి వరసలోకి దూరింది. కరోనా తగ్గిన షుగరు రోగుల్లో ముక్కు, కంటి చుట్టూ బూజు పట్టే బ్లాక్ ఫంగస్. దానికి ఆపరేషను ఒక్కరోజు ఆగినా కన్ను పోవచ్చు, ప్రాణం పోవచ్చు. అలాంటివాళ్ళని వెంటనే హైదరాబాదు కోఠీ ఇ.ఎన్.టి. ఆస్పత్రికి పంపేవాళ్ళం. మళ్ళీ పేర్లు వెనక్కి జరిగాయి. కానీ ఈసారి మా ఫోను పుస్తకం సిద్ధంగా ఉంది. ఆ రెండో ఉధృతిలో మేం ఆగమన్నవాళ్ళెవరూ అర్ధరాత్రి నల్లబడ్డ పేగుతో రాలేదు.

మీరు చేయవలసింది

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అయినా ఆపరేషన్లు వాయిదా పడే రోజులు మళ్ళీ రావని ఎవరూ చెప్పలేరు. డెంగ్యూ కాలంలో పడకలు నిండిపోవచ్చు. మత్తు డాక్టరు సెలవులో ఉండవచ్చు. అలాంటప్పుడు మీరు ఈ కింది విషయాలు గుర్తుంచుకోండి.

డాక్టరు “తరవాత రండి” అంటే, “అలాగే” అని వెళ్ళిపోకండి. రెండు ప్రశ్నలు అడగండి. “ఎన్నాళ్ళు ఆగవచ్చు? ఏం కనబడితే ఆగకుండా రావాలి?” జవాబు చీటీ మీద రాయించుకోండి. ఇది డాక్టరుని అనుమానించడం కాదు. డాక్టరుకి సహాయం చేయడం.

మీరు చేసే పని ఏమిటో మీ అంతట మీరే చెప్పండి. బస్తాలు మోస్తారా, ట్రాక్టరు నడుపుతారా, ఒంటరిగా ఉంటారా, ఊరు ఎంత దూరం, రాత్రివేళ బండి దొరుకుతుందా? డాక్టరు అడగడం మరిచిపోవచ్చు. నేను మరిచిపోయాను.

హెర్నియా ఉబ్బు పడుకున్నా లోపలికి పోకపోయినా, గట్టిపడి నొప్పి పుట్టినా, వాంతులు అయినా ఆ గంటే బయలుదేరండి. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళకి చలిజ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా ఆగకూడదు. కిడ్నీలో రాయి ఉండి చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా అంతే. గర్భసంచి గడ్డలున్న ఆడవాళ్ళకి రక్తం ఎక్కువగా పోతూ ఆయాసం, గుండెదడ ఉంటే వెంటనే చూపించుకోవాలి. షుగరు ఉన్నవాళ్ళ కాలి పుండు నల్లబడినా, వాసన వేసినా ఒక్కరోజు కూడా ఇంట్లో ఉండకూడదు. రొమ్ములోగాని, మెడలోగాని కొత్తగా గడ్డ కనబడితే, నొప్పి ఉన్నా లేకపోయినా, వాయిదా వేసే హక్కు మీకు లేదు. ముందు పరీక్ష చేయించుకోండి. ఆగవచ్చో లేదో డాక్టరు చెబుతాడు.

ఆగే కాలాన్ని వృథా చేయకండి. షుగరు, రక్తపోటు అదుపులో పెట్టుకోండి. చుట్ట, బీడీ, సిగరెట్ మానండి. రక్తహీనత ఉంటే ఐరన్ మాత్రలు వాడండి. ఆపరేషను రోజుకి ఒళ్ళు సిద్ధంగా ఉంటే సగం గెలిచినట్టే. పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి.

కరోనా వచ్చి తగ్గినవాళ్ళు ఆపరేషనుకి వెళితే ఆ సంగతి దాచకండి. 116 దేశాల్లో 1,40,231 మంది రోగులని పరిశీలించి, జబ్బు వచ్చాక కనీసం ఏడు వారాలు ఆగితే మంచిదని 2021 మార్చిలో చెప్పారు. అది చాలామందికి టీకాలు అందకముందు నాటి లెక్క. ఇప్పుడు ఎంతకాలం ఆగాలన్నది మీ ఒంటి పరిస్థితి చూసి మత్తు డాక్టరు చెబుతారు. మీరు చెబితేనే కదా, ఆయనకి తెలిసేది!

మొలలాయనకి 2020 డిసెంబరులో ఆపరేషను చేశాను. డిశ్చార్జి రోజున, “ఆనాడు ఫోనులో నోరు జారాను సార్, ఏమనుకోకండి” అన్నాడు. నిజానికి ఆయన తప్పేమీ లేదు. వరస ఎందుకు మారిందో అడిగాడు. అడగడం ఆయన హక్కు. హమాలీ కూడా ఆనాడు దండం పెట్టి వెళ్ళిపోకుండా నన్ను అలాగే నిలదీసి ఉంటే ఎంత బాగుండేది!

అందుకే చెబుతున్నాను. మీ వంతు వెనక్కి జరిగితే కోప్పడండి, ఫరవాలేదు. అడగకుండా మాత్రం ఇంటికి వెళ్ళకండి.